ఉంగరాల జుట్టును తడిలోనే దిద్దుకోవాలి

తలస్నానం చేయడం, జుట్టు ఆరబెట్టుకోవడం, ఆ తర్వాత దువ్వుకోవడం. మన ఇళ్ళలో తరతరాలుగా నడుస్తున్న వరుస ఇది. తిన్నని జుట్టుకు దీనితో ఏ ఇబ్బందీ లేదు. ఉంగరాల జుట్టుకు మాత్రం చేటంతా ఈ వరుసలోనే ఉంది. ఆరిన ఉంగరాల మీద దువ్వెన పడగానే, ఒకటిగా చుట్టుకుని ఉన్న వెంట్రుకలు దేనికది విడిపోయి, ఏకిన దూదిలా లేచి నిలబడతాయి. ఇక వాటిని అణచడానికి అరచేతి నిండా నూనె, కణతలు లాగేసేంత బిగుతు జడ. నాకు పదిహేనేళ్ళు వచ్చేదాకా ప్రతి ఆదివారం ఇదే జరిగింది. అమ్మ అరుగు మీద, నేను కింది మెట్టు మీద. దువ్వెన పన్ను విరిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అమ్మది పట్టులాంటి తిన్నని జుట్టు. తనకు అచ్చివచ్చిన పద్ధతినే నాకూ చేసింది, ప్రేమగానే చేసింది.

మీ జుట్టు కూడా ఇలాంటిదే అయితే, లేదా మీ అమ్మాయి తల దువ్వలేక మీరు ప్రతి వారం అలిసిపోతుంటే, ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఈ జుట్టుకు రూపమిచ్చే పని మొత్తం తడిగా ఉన్నప్పుడే అయిపోవాలి. ఆరుతున్నంతసేపూ, ఆరాక కూడా, దువ్వెన పెట్టకూడదు.

ఎందుకు ఇలా?

వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. దాని ఆకారాన్ని నిలిపే బంధాల్లో గంధకంతో ఏర్పడినవి గట్టివి, నీళ్ళకు చెక్కుచెదరవు. హైడ్రోజన్ బంధాలు అలా కాదు. తడిస్తే విడిపోతాయి, ఆరుతూ మళ్ళీ ముడిపడతాయి. కాబట్టి ఆరే సమయంలో వెంట్రుక ఏ ఒంపులో ఉంటే మళ్ళీ తడి తగిలేదాకా ఆ ఒంపులోనే ఉంటుంది. గాలిలోని తేమ కూడా తడే. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉక్కపోసే రోజున ఆ తేమ జుట్టులోకి చేరి బంధాలను వదులు చేస్తుంది. ఒక్కో వెంట్రుక ఒక్కో తీరుగా మెలి తిరుగుతుంది. మనం జుట్టు రేగిపోయింది అనేది దీన్నే.

రెండో కారణం పొడిదనం. మాడు నుంచి సహజంగా ఊరే నూనె తిన్నని వెంట్రుక మీద కొస దాకా సులువుగా జారుతుంది. ఉంగరాల వెంట్రుక మీద ఆ మలుపులన్నీ తిరగలేక పైనే ఆగిపోతుంది. అందుకే మాడు జిడ్డుగా ఉన్నా కొసలు ఎండుగడ్డిలా ఉంటాయి.

గుండు చేయిస్తే తిన్నని జుట్టు వస్తుందని పెద్దవాళ్ళు అంటుంటారు. మొక్కు కోసం గుండు చేయిస్తే సరే గానీ, జుట్టు మారుతుందనే ఆశతో పిల్లల చేత మళ్ళీ మళ్ళీ చేయించకండి. వెంట్రుక ఒంపు చర్మం లోపలి కుదురులోనే నిర్ణయమవుతుంది. కత్తి అక్కడి దాకా వెళ్ళదు. కొందరికి యుక్తవయసులో, కాన్పు తర్వాత జుట్టు తీరు మారుతుంది. అది శరీరంలోని హార్మోన్ల పని.

ముందు మీ నీళ్ళను చూడండి

బోరు నీళ్ళతో స్నానం చేసే ఇళ్ళలో ఎంత మంచి షాంపూ వాడినా జుట్టు బిరుసుగానే ఉంటుంది. బకెట్ లోపల తెల్లటి పొర కడుతోందా? కుళాయి మూతి దగ్గర సున్నంలా పేరుకుంటోందా? సబ్బు ఎంత రుద్దినా నురగ రావడం లేదా? అయితే ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్నట్టే. అవి వెంట్రుక మీద కూడా పొరలా పేరుకుంటాయి. కుళాయికి తగిలించే చిన్న ఫిల్టర్లు ఈ కాఠిన్యాన్ని పెద్దగా తీయలేవు.

తల రుద్దుకోవడానికి ఆ నీళ్ళే వాడండి, తప్పదు. చివరి రెండు చెంబులు మాత్రం తాగే నీళ్ళో, పట్టి ఉంచిన వాన నీళ్ళో పోసుకోండి. నెలకు ఒకసారి, సీసా మీద ఈడీటీఏ అని రాసి ఉన్న షాంపూతో తల రుద్దుకుంటే పేరుకున్న లవణాలు చాలావరకు వదులుతాయి. లీటరు నీళ్ళలో ఒక చెంచా వెనిగర్ కలిపి పోసుకుని, రెండు నిమిషాలాగి మామూలు నీళ్ళతో కడిగేసినా నున్నదనం తెలుస్తుంది. వెనిగర్‌ను నేరుగా తలకు రాయకండి, మాడు మండుతుంది.

తలస్నానం

వారానికి రెండుసార్లు చాలు. వేసవిలో చెమట పట్టి చిరాకుగా ఉంటే మధ్యలో ఒకసారి ఉత్త నీళ్ళు, కండిషనర్‌తో సరిపెట్టుకోవచ్చు.

నూనె స్నానానికి గంటా రెండు గంటల ముందు పెట్టండి. కొబ్బరి నూనెకు మన పెద్దవాళ్ళు ఇచ్చిన విలువ ఊరికే ఇచ్చింది కాదు. అది వెంట్రుక లోపలికి ఇంకుతుందని, తలస్నానంలో కరిగిపోయే ప్రొటీన్‌ను తగ్గిస్తుందని 2003లో మన దేశపు పరిశోధకులే ప్రయోగాలతో చూపించారు. అంత మేలు పొద్దుతిరుగుడు నూనెతో గానీ, వెంట్రుకలోకి ఇంకని మినరల్ నూనెతో గానీ కనబడలేదు. కొసలకు ఎక్కువ, మాడుకు తక్కువ పట్టించండి. చుండ్రు ఉంటే మాడుకు అసలు వద్దు, నూనెతో అది పెరుగుతుంది.

షాంపూను మాడుకు మాత్రమే పెట్టి, గోళ్ళతో కాకుండా వేళ్ళ కొనలతో రుద్దండి. జుట్టంతా నడినెత్తి మీదికి లాగి, బట్టలు ఉతికినట్టు నులమకండి. కిందికి జారే నురగే కొసలకు చాలు. మరీ ఎండిపోయే జుట్టు గలవారు సల్ఫేట్ (జిడ్డును గట్టిగా వదలగొట్టే నురగ పదార్థం) లేని షాంపూ తీసుకోవడం మంచిది. అలా మారినప్పుడు కండిషనర్ సీసా వెనుక కూడా చూడండి. వెంట్రుక మీద నున్నటి పొర కట్టే డైమెథికోన్ లాంటి సిలికోన్లు ఉంటే, మెత్తటి షాంపూతో అవి పూర్తిగా పోక వారాలు గడిచేకొద్దీ జుట్టు బరువెక్కుతుంది. సల్ఫేట్లూ సిలికోన్లూ విషాలేమీ కావు. రెండో దాన్ని కడగడానికి మొదటిది కావాలి, అంతే లెక్క.

కుంకుడుకాయల గురించి చాలామంది అడుగుతారు. కుంకుడు రసం బాగా శుభ్రం చేస్తుంది. ఒక్కోసారి అవసరానికి మించి చేస్తుంది. ఉత్త కుంకుడు రసంతో రుద్దుకున్న ఉంగరాల జుట్టు ఆరాక కొబ్బరి పీచులా ఉంటుంది. పాతకాలం వాళ్ళకు ఈ సంగతి తెలుసు. అందుకే రసంలో గుప్పెడు మందారాకు వేసి పిసికేవారు. ఆ ఆకు జిగురు వల్ల వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి జారి చిక్కు తేలిగ్గా వదులుతుంది. మీరు కుంకుళ్ళే వాడాలనుకుంటే మందారాకును మాత్రం మానకండి. ఆకు నలుసులు జుట్టులో ఇరుక్కుంటాయి కాబట్టి పిసికాక పల్చటి బట్టలో వడకట్టండి.

చిక్కు తీయడం

ఈ ఒక్క పనికి పావుగంట కేటాయించుకోండి. తక్కినవాటిలో తొందరపడినా ఇక్కడ వద్దు.

నీళ్ళు కారుతున్న జుట్టుకు కండిషనర్ ధారాళంగా పట్టించండి. తిన్నని జుట్టు వాళ్ళు వాడే దానికి మూడింతలు పడుతుంది, వెనకాడకండి. జుట్టును నాలుగు భాగాలు చేసి మూడింటిని క్లిప్పులతో పైకి పెట్టండి. ముందు వేళ్ళు, తర్వాతే వెడల్పు పళ్ళ చిక్కుదువ్వెన. కొసల నుంచి మొదలుపెట్టి, రెండు అంగుళాలు విడిపోయాక మరో రెండు అంగుళాలు పైకి, అలా కుదుళ్ళ దాకా వెళ్ళండి. పై నుంచి కిందికి లాగితే చిక్కులన్నీ ఒకచోటికి చేరి ముడిపడతాయి. తడి వెంట్రుక పొడి వెంట్రుక కంటే బలహీనంగా ఉంటుంది, లాగితే సాగి తెగుతుంది. కండిషనర్ జారుడు లేకుండా తడి జుట్టును దువ్వవద్దనేది అందుకే.

అందరికీ మొండి ముడి పడేది ఒకేచోట. మెడ వెనుక, జాకెట్టు అంచు రాసుకునే దగ్గర. దాన్ని చూపుడువేలు, బొటనవేలి మధ్య పట్టుకుని చూడండి. నడుమ గట్టిగా ఒక ఉండ, చుట్టూ వదులుగా వెంట్రుకలు. ఉండను లాగకండి. ఒక చుక్క కండిషనర్ దాని మీద వేసి నలిపి, చుట్టూ ఉన్న వెంట్రుకల్లోంచి ఒక్కొక్కటిగా పక్కకు తీయండి. మల్లెమొగ్గల మాలకు పడిన దారపు చిక్కును మొగ్గ రాలకుండా విడదీస్తారే, ఆ ఓపికతో. నాలుగైదు వెంట్రుకలు బయటికి వచ్చేసరికి ఉండ తనంతట తానే వదులవుతుంది. కత్తెర అవసరం నాకు ఇన్నేళ్ళలో రెండుసార్లే వచ్చింది.

దువ్వెనకు, చేతికి వచ్చిన వెంట్రుకలను చూసి బెంగపడకండి. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. మనం మూడు నాలుగు రోజులకు ఒకసారి చిక్కు తీస్తాం, మధ్యలో రాలినవన్నీ ఉంగరాల్లోనే చిక్కుకుని ఉండి ఒక్కసారిగా ఉండలా వస్తాయి. మాడు కనబడేంతగా పల్చబడితే, లేదా ఉన్నట్టుండి కుచ్చులు కుచ్చులుగా ఊడితే మాత్రం చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు.

జెల్ పట్టించడం

కండిషనర్ కడిగేశాక జుట్టు పిండకండి, తువ్వాలు చుట్టకండి. నీళ్ళు కారుతుండగానే జెల్ పట్టించాలి. ఆ తడిలో నాలుగైదు వెంట్రుకలు ఒకటిగా చేరి పాయలు కట్టి ఉంటాయి, జెల్ వాటిని అలాగే పట్టి ఉంచుతుంది. తువ్వాలుతో తుడిచాక పెడితే విడిపోయిన వెంట్రుకలనే పట్టి ఉంచుతుంది.

బజారులో దొరికే జెల్ వాడుకోవచ్చు. నేను మాత్రం అవిసె గింజలతో ఇంట్లోనే చేసుకుంటాను. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్ళు గిన్నెలో పోసి సన్నని మంట మీద పెట్టి కలుపుతూ ఉండండి. ఏడెనిమిది నిమిషాలకు అంచుల్లో తెల్లటి నురగ వస్తుంది, నీళ్ళు చిక్కబడతాయి. గరిటె ఎత్తి చూస్తే కోడిగుడ్డు తెల్లసొనలా తీగలు సాగాలి. అంతే, ఆ క్షణంలోనే దించేయండి. ఇంకొక్క నిమిషం ఉంచారంటే ముద్దయిపోయి గింజల్ని వదలదు. చల్లారకముందే, చెయ్యి కాలకుండా చూసుకుంటూ, పల్చటి నైలాన్ బట్టలోంచి వడకట్టండి. చల్లారితే ఎంత పిండినా రాదు. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులుంటుంది. వాసన మారితే పారబోయండి. మొదటిసారి వాడేవారు ముందు చెవి వెనుక కొంచెం రాసుకుని, ఒక రోజు దురద రాకుండా ఉందో లేదో చూసుకోండి.

రెండు అరచేతుల మధ్య పాయను ఉంచి, నమస్కారం పెట్టినట్టు, కుదుళ్ళ వైపు నుంచి కొసల దాకా జెల్‌ను జార్చండి. తర్వాత తల పక్కకు వంచి, కొసలను దోసిట్లోకి తీసుకుని పైకి నొక్కి వదలండి. చితచితమని చప్పుడు రావాలి. రాకపోతే తడి చాలలేదని అర్థం, చెంబుతో కొంచెం నీళ్ళు చిలకరించి మళ్ళీ నొక్కండి.

ఇప్పుడు ఒక పాత నూలు చొక్కాతోనో, మెత్తబడిన పంచె ముక్కతోనో అలాగే కింది నుంచి పైకి అద్దండి. ముళ్ళు ముళ్ళుగా ఉండే టర్కీ తువ్వాలు వెంట్రుకలను పట్టి లాగుతుంది. మన తాతలు వాడిన పల్చటి తుండుగుడ్డ ఈ జుట్టుకు ఎంతో మేలు.

ఆరనివ్వడం

ఇక చెయ్యి తీసేయండి. ఫ్యాను కింద గంటన్నరో రెండు గంటలో కూర్చోండి, చదువుకోండి, కూరగాయలు తరుక్కోండి. జుట్టును మాత్రం ముట్టుకోవద్దు. అలవాటుగా చెయ్యి వెళుతుంది. నా మొదటి నెలంతా ఆ చేతిని ఆపుకోవడంతోనే సరిపోయింది. తొందరగా వెళ్ళాల్సి ఉంటే డ్రయ్యర్‌కు జల్లెడలాంటి డిఫ్యూజర్ తగిలించి, తక్కువ వేడిలో, తక్కువ గాలితో ఆరబెట్టండి. సాంబ్రాణి పొగ పెట్టుకునే ఇళ్ళలో అది కూడా వేళ్ళతో జుట్టు విదిలించకుండా, బుట్ట మీద అలా పరిచి పెట్టుకోండి.

పూర్తిగా ఆరాక పాయలు గంజి పెట్టి ఆరేసిన చీరలా పెళుసుగా ఉంటాయి. కంగారుపడకండి, కావలసింది అదే. గంజి చీరను నలిపితే ఎలా మెత్తబడుతుందో ఇదీ అంతే. అరచేతుల్లో రెండు చుక్కల నూనె వేసి రుద్దుకుని, కొసలను కింది నుంచి మెల్లగా నలపండి. పెళుసుదనం పోయి మెత్తటి ఉంగరాలు మిగులుతాయి. ఒక్క తడి చోటు ఉన్నా నలపడం మొదలుపెట్టకండి, అక్కడి నుంచే రేగుతుంది.

గంజి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. బియ్యం కడుగు, గంజి తలకు పోసుకోవడం ఇప్పుడు బాగా వాడుకలోకి వచ్చింది. అప్పుడప్పుడైతే ఫరవాలేదు. ప్రతి స్నానానికీ పోస్తే పిండి పదార్థం పేరుకుని జుట్టు బిరుసెక్కుతుంది.

ఊరిని బట్టి ఒక మార్పు చేసుకోవాలి. గ్లిజరిన్ చుట్టూ ఉన్న తేమను పట్టి లాగుతుంది. తీరప్రాంతంలో, వానాకాలంలో గ్లిజరిన్ ఎక్కువగా ఉన్న జెల్ పెడితే అది గాలిలోని తేమనంతా జుట్టులోకి తెస్తుంది. సీసా మీది పదార్థాల జాబితాలో మొదటి నాలుగైదు పేర్లలో గ్లిజరిన్ ఉంటే ఆ నెలల్లో పక్కన పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ పొడిగాలికి కూడా అది ఒంటరిగా పనికిరాదు, పైన రెండు చుక్కల నూనె ఉండాలి.

రాత్రి, మర్నాడు

నూలు గలీబు తేమను పీల్చి, రాపిడితో ఉంగరాలను చెదరగొడుతుంది. శాటిన్ గలీబు కొనుక్కోండి, లేదా చిరిగిన పట్టుచీరలో జరీ లేని భాగంతో కుట్టించుకోండి. నాది అమ్మ పాత చీరతో కుట్టించినదే. పొడవు జుట్టయితే నడినెత్తి మీదికి తెచ్చి మెత్తటి బట్ట రిబ్బనుతో వదులుగా ఒక్క చుట్టు చుట్టండి. సన్నని రబ్బరు బ్యాండ్లు వద్దు.

మర్నాడు దువ్వెన జోలికి పోకుండా, స్ప్రే సీసాలో నీళ్ళు, చెంచాడు కండిషనర్ కలిపి రేగిన చోట మాత్రమే చల్లి, పాయను వేలికి చుట్టి వదిలేయండి. స్కూటరు మీద వెళ్ళేవారు హెల్మెట్ లోపల పల్చటి శాటిన్ గుడ్డ కట్టుకుంటే చాలావరకు నిలుస్తుంది.

బడికి వెళ్ళే పిల్లలకు రోజూ రెండు జడలు వేయాలి కదా అంటారు. ఆదివారం కండిషనర్‌తో చిక్కు తీసి, సోమవారం జడ వేసే ముందు నీళ్ళు చల్లి వేళ్ళతో పాపిడి తీసి వదులుగా అల్లండి. రోజూ పూర్తిగా విప్పి పొడిగా దువ్వాల్సిన పని లేదు. పైన రేగిన వెంట్రుకలను తడి చేత్తో సర్దితే చాలు. ముఖ్యంగా ఆ పిల్ల ముందు "చింపిరి జుట్టు" అనకండి, ఎవరైనా అంటే ఆపండి. ఆ మాట విన్న పిల్లలు పెద్దయ్యాక చేసే మొదటి పని పార్లరుకు వెళ్ళి జుట్టు తిన్నగా చేయించుకోవడం.

నేనూ చేయించుకున్నాను, అక్క పెళ్ళికి. పార్లరు పేరు వద్దు గానీ, అక్కడ ఏ మందు పూస్తున్నారో చెప్పలేదు, గదిలో కళ్ళు మండిపోయాయి. నాలుగు నెలలకు పైన ఉంగరాలు, కింద అట్టముక్కలాంటి కొసలు. కత్తిరించక తప్పలేదు. ఇలాంటి కొన్ని మందులు ఇనుప పట్టకారు వేడికి ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతాయి. అది మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. దానికి బదులుగా వాడే గ్లయాక్సిలిక్ ఆమ్లంతో మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతం 2024లో వైద్య పత్రికలో వచ్చింది. చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. సీసా అడిగి చదవకుండా మాత్రం కుర్చీలో కూర్చోకండి.

ఇప్పటికే వేడికి, రంగులకు పాడైన కొసలు ఏ నూనెతోనూ తిరిగి ఉంగరాలు కావు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మూడు నాలుగు నెలలకు ఒకసారి కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ పోండి. కత్తిరించేవారికి ముందే చెప్పండి: జుట్టు ఆరి, ఉంగరాలు తిరిగి ఉన్నప్పుడే కత్తెర వేయాలి. తడిపి, దువ్వి, సాగదీసి కత్తిరిస్తే భుజాల దాకా ఉందనుకున్నది ఆరాక చెవుల దగ్గరికి చేరుతుంది. తడిపే కత్తిరిస్తామని పట్టుబడితే, మీకు కావలసిన పొడవు కంటే మూడు అంగుళాలు ఎక్కువ ఉంచమనండి. మిగిలినది ఆరాక చూసుకుని తీయించుకోవచ్చు.